ట్రాలీలో కూర్చున్నవాళ్లకు బీమా ఏది?

తొలకరి పడ్డాక ఊళ్లో ట్రాక్టరుకు తీరిక ఉండదు. తెల్లారకముందే కూలీలను ఎక్కించుకుని పత్తి చేలకు పోతుంది. వాళ్లను దించి, రోటవేటర్ తగిలించుకుని ఎండ ముదిరేదాకా దున్నుతుంది. మధ్యాహ్నం సొసైటీ గోదాము నుంచి ఎరువు బస్తాలు తెస్తుంది. సాయంత్రం ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే ఇసుకో ఇటుకో తోలుతుంది. శనివారం రాత్రి అదే ట్రాలీలో గడ్డి పరిచి, పైన పట్టా కట్టి, చుట్టపక్కాలందరినీ ఎక్కించుకుని జాతరకు బయలుదేరుతుంది. పెళ్లికి వంటపాత్రలు మోసేదీ, వినాయకుణ్ణి చెరువుకు తీసుకెళ్లేదీ అదే. బీరువాలో దాచిన పాలసీ కాగితంలో మాత్రం ఒక్క పనే రాసి ఉంటుంది: వ్యవసాయ అవసరాలకు మాత్రమే.

ప్రపంచంలో ఏటా ఎక్కువ ట్రాక్టర్లు అమ్ముడయ్యే దేశం మనది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దాంతో ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్నవాళ్లూ షోరూము మెట్లెక్కారు. కొనేముందు రైతు పది మందిని వాకబు చేస్తాడు. ఎన్ని హెచ్‌పీ, గంటకు డీజిల్ ఎంత తాగుతుంది, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది, దమ్ములో దిగబడుతుందా, మెకానిక్ దగ్గర్లో ఉన్నాడా అన్నీ అడుగుతాడు. బీమా దగ్గరకు వచ్చేసరికి మాట రెండు ముక్కల్లో తేలిపోతుంది.

“బాబాయ్, ఫుల్లు చేయమంటావా? థర్డ్ పార్టీ చాలా?”

“ఏది తక్కువైతే అది వెయ్యరా అబ్బాయ్. పోలీసోళ్లు ఆపకపోతే చాలు.”

ఏజెంటు తప్పు లేదు, రైతు తప్పూ లేదు. అడగాల్సిన ప్రశ్న ఇద్దరిలో ఎవరూ అడగలేదు, అంతే. ఈ బండితో నువ్వు నిజంగా ఏమేం పనులు చేస్తావు, ట్రాలీలో ఎవరెవరిని ఎక్కిస్తావు? పాలసీ పనికొస్తుందా రాదా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. కడుపుకాలి కూలికి పోయే ఆడవాళ్ల బతుకూ దాని మీదే ఆధారపడి ఉంది.

కాలువలో పడ్డ ట్రాక్టర్లు

2018 ఏప్రిల్ 6. నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలోకి పల్టీ కొట్టింది. తొమ్మిది మంది చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. అక్కడ 15 మంది పోయారు. దాదాపు అందరూ చేలపనికి బయలుదేరిన ఆడవాళ్లే. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీలతో తిరిగి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. మరుసటి నెల 17న వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని వస్తున్న ఖమ్మం జిల్లా భక్తుల ట్రాక్టరును జగ్గయ్యపేట దగ్గర లారీ ఢీకొంటే 12 మంది ప్రాణాలు పోయాయి.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ ముఖ్యమంత్రి సంతాపం, ఎక్స్‌గ్రేషియా ప్రకటన, మంత్రుల పరామర్శ ఉంటాయి. పెద్ద ప్రమాదం కాబట్టి ప్రభుత్వం కదులుతుంది. ఒక్కరో ఇద్దరో పోయిన ప్రమాదాలు జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్తలుగా మిగిలిపోతాయి. వాళ్ల ఇళ్లలో ఆధారం ఒక్కటే: మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్. అక్కడికి వెళ్లాక బీమా కంపెనీ వకీలు వేసే మొదటి ప్రశ్న, ఆ మనిషి ట్రాలీలో ఏ హోదాలో కూర్చుంది?

చట్టం దృష్టిలో ట్రాక్టరు మనుషులు ఎక్కే బండి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం అది సొంతంగా బరువు మోయడానికి తయారైనదీ కాదు. దానికి ఉండేది ఒక్క సీటు, అది డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చున్న తమ్ముడికీ, ట్రాలీలో నిలబడ్డ అత్తకూ ఆ చట్టంలో చోటు లేదు. రోడ్డున పోయే మనిషిని ట్రాక్టరు గుద్దితే అతను ‘థర్డ్ పార్టీ’. చట్టం తప్పనిసరి చేసిన బీమా అతనికి పరిహారం ఇస్తుంది. అదే ట్రాక్టరు ట్రాలీలో కూర్చున్న మనిషి మాత్రం థర్డ్ పార్టీ లెక్కలోకి రావడం కష్టం. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో ట్రాలీలో ప్రయాణిస్తున్న కూలీల విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పేసింది. ఈ తేడా తెలిసిన ట్రాక్టరు యజమానులు ఊరికి ఒక్కరైనా ఉంటారని నేను అనుకోను.

ఇంటి బీమాలో కలుస్తుందా?

సొంతానికి వాడుకునే ట్రాక్టరు, ఇంటి పెరట్లోనే పాకలో ఉంటుంది, ఇంటికి చేసిన బీమాలోనే దాన్నీ కలిపేయొచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో జవాబు మాత్రం ‘కలవదు’ అనే. బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే తీరుగా అమ్మేలా తెచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇంటికీ ఇంట్లో సామానుకూ అగ్గి, పిడుగు, తుపాను, వరద, భూకంపాల నుంచి రక్షణ ఇస్తుంది. ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప వాహనాలను పక్కన పెడుతుంది. పాక తగలబడితే పాకకు డబ్బు వస్తుంది, అందులో ఉన్న ట్రాక్టరుకు రాదు.

అమెరికాలో ఐదారెకరాల ఇంటి స్థలం కొనుక్కున్న మనవాళ్లకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడి మామూలు ఇంటి పాలసీ, రోడ్డు రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా ఆ ఇంటి ఆవరణ పనికే వాడే గడ్డికోత బండినీ చిన్న ట్రాక్టరునూ చాలావరకు కలుపుకుంటుంది. పక్కవాడి పొలంలో డబ్బులకు దున్నినా, పంట పండించి అమ్మినా ఆ రక్షణ మీద భరోసా పెట్టుకోలేం, విడిగా వ్యవసాయ పాలసీ చూసుకోవాలి. అక్కడా పాలసీ చూసేది బండిని కాదు, వాడకాన్ని.

ఇల్లూ ట్రాక్టరూ ఒకే గొడుగు కింద ఉండాలన్న ఆలోచన మన దగ్గరా ఒకసారి వచ్చింది. 2016 ఖరీఫ్‌లో ఫసల్ బీమాతో పాటు కేంద్రం 45 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ‘ఏకీకృత ప్యాకేజీ బీమా పథకం’ మొదలుపెట్టింది. పంట, ప్రాణం, ప్రమాదం, ఇల్లు, పంపుసెట్టు, పిల్లల చదువు, ట్రాక్టరు, ఇలా ఏడు భాగాలు. పంట భాగం తప్పనిసరి, మిగతావాటిలో కనీసం రెండు ఎంచుకోవాలి. రైతు బతుకును ముక్కలుగా కాకుండా మొత్తంగా చూసిన ఆలోచన అది. అది ప్రతి ఊరికీ చేరాల్సింది. చేరలేదు కాబట్టి ఈరోజు రైతు ముందున్న దారి ఒక్కటే, ట్రాక్టరుకు విడిగా మోటారు పాలసీ.

ఫుల్లు, థర్డ్ పార్టీ

థర్డ్ పార్టీ బీమా చట్టం పెట్టిన విధి, 146వ సెక్షన్. అది లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. మూడు నెలల దాకా జైలూ పడొచ్చు. జరిమానాకు రైతు భయపడతాడు, నిజానికి భయపడాల్సింది దానికి కాదు. బీమా లేని ట్రాక్టరు ఒక మనిషి ప్రాణం తీస్తే, ట్రైబ్యునల్ వేసే పరిహారం మొత్తం యజమానే కట్టాలి. సంపాదించే వయసు మనిషి పోతే అది లక్షల్లో ఉంటుంది. కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రైబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. అంటే చివరికి పోయేది పొలమే.

2022 జూన్ 1 నుంచి వచ్చిన ప్రీమియం పట్టికలో ట్రాక్టరుకు థర్డ్ పార్టీ ఏడాదికి సుమారు ఏడు వేలు, పన్ను అదనం. ట్రాలీకి విడిగా మరో రెండున్నర వేలు అనుకోండి. ఎకరం దున్నడానికి తీసుకునే కిరాయితో పోల్చి చూస్తే ఇది మరీ మోయలేని ఖర్చేమీ కాదు.

ఈ థర్డ్ పార్టీ ఎదుటివారి కోసం. మన బండికి అది పైసా ఇవ్వదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఊళ్ల మీద పడ్డప్పుడు నీళ్లలో రోజుల తరబడి నానిన బండ్లను అందరం చూశాం. ‘ఫుల్లు’ ఉన్నవాళ్లు కంపెనీకి ఫోను చేశారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లు మెకానిక్కుకు ఫోను చేశారు. దొంగతనం, అగ్గి, వరద, బోల్తా, వీటికి సొంత నష్టం భాగం ఉన్న పాలసీ కావాలి.

ఫుల్లు తీసుకున్నా లెక్క ముందే తెలుసుకోవాలి. కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని ‘ఐడీవీ’ అంటారు. తయారీ కంపెనీ ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీస్తారు: ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. ఎనిమిది లక్షల ట్రాక్టరు నాలుగున్నరేళ్ల వయసులో కాలిపోతే నాలుగు లక్షల దగ్గర మాట్లాడుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని ఇంకా కిందికి రాయించే అలవాటు కొందరికి ఉంది, దాంతో నష్టపోయేది రైతే. టైర్లు, ట్యూబులు, మడ్‌గార్డులు, బానెట్, లైట్లు మామూలు పాలసీలో పూర్తిగా రావు. వాటికి ‘ఐఎంటీ 23’ అనే అదనపు భాగం ఉంది, అడిగి వేయించుకోవాలి. రోటవేటర్, బేలర్ లాంటి పనిముట్లు ట్రాక్టరుతో పాటు వాటంతటవే బీమాలోకి వస్తాయని అనుకోవద్దు. విడిగా రాయిస్తేనే లెక్క.

దొంగతనం మాటకొస్తే ఒక మంచి తీర్పు ఉంది, అది ట్రాక్టరు గురించే. పంజాబ్‌లో ఒక రైతు ట్రాక్టరు 2010లో పోయింది. అదే రోజు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. బీమా కంపెనీకి మాత్రం దాదాపు యాభై రోజులకు చెప్పాడు. ఆలస్యం చేశావంటూ కంపెనీ చేతులెత్తేసింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రైతు వైపు నిలబడింది. వెంటనే ఎఫ్ఐఆర్ అయ్యాక, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును కొట్టేయరాదంది. అయినా కంపెనీకి ఆ రోజే ఫోను చేయడమే మంచిది. తీర్పు వచ్చేసరికి ఆ రైతుకు దాదాపు పదేళ్లు గడిచిపోయాయి.

నంబరు లేని ట్రాలీ

అసలు తిరకాసు ట్రాలీ దగ్గర ఉంది. కోస్తాలో ట్రక్కు అంటారు, తెలంగాణలో ట్రాలీ, డబ్బా అంటారు. పేరేదైనా అది చట్టం ముందు వేరే వాహనం. దానికి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, వేరే ప్రీమియం. మన ఊళ్లలో ట్రాలీలు చాలావరకు మండల కేంద్రం వెల్డింగు షాపులో తయారవుతాయి. గట్టిగానే ఉంటాయి, చవగ్గానే వస్తాయి. రిజిస్ట్రేషన్ ఉండదు. రిజిస్ట్రేషన్ లేని దానికి ఏ కంపెనీ పాలసీ ఇస్తుంది? ట్రాక్టరు పాలసీ చూపించి “అన్నీ ఉన్నాయి సార్” అనే రైతు పాలసీలో ట్రాలీ నంబరు గడి ఖాళీగా ఉంటుంది. బోల్తా పడేది ఎక్కువగా ఆ ట్రాలీయే.

2007లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు సరిగ్గా ఇదే. మట్టి తవ్వి ట్రాలీలో ఇటుకబట్టీకి తోలే పనిలో ఉన్న కూలీ కింద పడి తీవ్రంగా గాయపడ్డాడు. ట్రాక్టరుకు వ్యవసాయానికని బీమా ఉంది, ట్రాలీకి లేదు. మట్టి తోలడం వ్యవసాయం కాదు, ట్రాలీకి బీమా లేదు, కాబట్టి కంపెనీకి బాధ్యత లేదంది కోర్టు. అయితే ఆ కూలీ పేదరికం చూసి, తనకున్న ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించింది. ‘పే అండ్ రికవర్’ అంటే ఇదే. కోర్టులు చేసిన మేలు ఇది, కాదనను. కానీ యజమానికి దీనివల్ల ఒరిగేది లేదు. కట్టిన ప్రీమియం కట్టినట్టే ఉంటుంది, చివరికి బాకీదారు తనే అవుతాడు.

ఏది వ్యవసాయం, ఏది కాదు అనే గీత ఎంత సన్నగా ఉంటుందో ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు చెబుతుంది. కూరగాయలతో వెళ్తున్న ట్రాలీలో కూరగాయల వ్యాపారి ఒకరు ప్రయాణిస్తూ ప్రమాదంలో చనిపోయారు. కూరగాయలు పొలంలో పండేవే కదా అనిపిస్తుంది మనకు. 2004లో కోర్టు మాత్రం, పండించేవరకే వ్యవసాయం, వ్యాపారం కోసం తరలిస్తే అది వ్యాపారమేనంది. ట్రాక్టరు వ్యవసాయానిది అయినప్పుడు దానికి తగిలించిన ట్రాలీ కూడా వ్యవసాయానికే వాడాలంది. పదేళ్ల తర్వాత, 2014లో, ఇసుక తోలుతున్న ట్రాక్టరు కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: ట్రాలీలో ఇసుక ఉన్నంత మాత్రాన వ్యాపారానికి వాడినట్టు కాదు, వాడారని కంపెనీ రుజువు చేయాలి. సొంత ఇంటికి ఇసుక తెచ్చుకునే రైతుకు ఇది ఊరట. రోజూ ట్రిప్పుకు ఇంతని ఇసుక తోలే బండికి మాత్రం ఈ తీర్పు అక్కరకు రాదు. ఆ పని చేసేవాళ్లు వాణిజ్య వాహనంగా రిజిస్టరు చేయించుకుని, అందుకు తగ్గ పాలసీ తీసుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు కిరాయిలో కలుపుకోవాలి తప్ప కూలీ ప్రాణంలోంచి మిగుల్చుకోకూడదు.

ఇదే ప్రశ్న పంచాయతీలకూ వర్తిస్తుంది. పల్లె ప్రగతి కాలంలో తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూర్చారు. అవి చెత్త తోలుతున్నాయి, మొక్కలకు నీళ్లు పోస్తున్నాయి. వాటిమీద పారిశుద్ధ్య కార్మికులు రోజూ ఎక్కి దిగుతున్నారు. ఆ పాలసీలు ఏ వాడకానికి రాసి ఉన్నాయి, వాటిలో కార్మికుల భాగం ఉందా, ఏటా రెన్యువల్ అవుతున్నాయా అని గ్రామసభలో అడిగే హక్కు ఊరందరికీ ఉంది.

నడిపేవాడు, ఎక్కేవాడు

రుణం ఎవరి పేరున పుడితే ట్రాక్టరు వాళ్ల పేరున ఉంటుంది. నాన్న పేరున ఆర్సీ, నడిపేది కొడుకు. పాలసీలో యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. 2018లో పెంచిన మొత్తం అది. అందరూ దాన్ని ‘డ్రైవరు బీమా’ అనుకుంటారు. అది ఆర్సీలో పేరున్న, లైసెన్సు ఉన్న యజమానికే. కొడుకు దమ్ము చేస్తూ ట్రాక్టరు వెనక్కి లేచి కింద పడి పోతే ఆ 15 లక్షలు రావు. అడిగి తెచ్చుకున్న బండి నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడే గాని థర్డ్ పార్టీ కాడని 2009లోనూ 2020లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇంట్లో ఎవరు నడుపుతారో వారికి విడిగా ప్రమాద బీమా ఉండాలి. జీతానికి డ్రైవరు ఉంటే అతని కోసం ‘ఐఎంటీ 28’, సరుకు ఎత్తిదించే పనివాళ్ల కోసం ఉద్యోగుల బాధ్యత భాగం పాలసీలో వేయించాలి. సాధారణంగా ఏడాదికి మనిషికి యాభై రూపాయల లెక్కన వచ్చే భాగాలివి. ఇంత తక్కువ డబ్బుకు దొరికేది ఎవరూ చెప్పక, ఎవరూ అడగక ఆగిపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది.

లైసెన్సు విషయంలో కొంత స్పష్టత వచ్చింది. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు ట్రాలీ తగిలించి నడిపినా చెల్లుతుందని 2001లోనే తీర్పు ఉంది. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, తేలికపాటి వాహనం లైసెన్సుతో 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాలను నడపొచ్చని ఖాయం చేసింది. లైసెన్సే లేని పదిహేనేళ్ల పిల్లాడి చేతికి తాళం ఇవ్వడం మాత్రం వేరు. ఊళ్లో అది గొప్పగా చెప్పుకుంటారు. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపితే తండ్రికో యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు.

పాత ట్రాక్టర్ల కొనుగోళ్లలో ఇంకో గుంట ఉంది. స్టాంపు కాగితం మీద రాసుకుని, తాళం చేతికిచ్చి, ఆర్సీ మార్చకుండా వదిలేస్తారు. 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారానికి బాధ్యత వారిదే, బండి ఎన్ని చేతులు మారినా సరే. మూడేళ్ల కిందట అమ్మేసిన ట్రాక్టరు కోసం ఈరోజు నోటీసు అందుకోవచ్చు. కొన్నవాడు కూడా 14 రోజుల్లో బీమా తన పేరుకు మార్పించుకోవాలి.

ఇక ట్రాలీ ఎక్కే కూలీ. నాట్లకో కలుపుకో పోతున్న ఆమె సరుకు ఎత్తిదించే మనిషి కాదు, సరుకు యజమాని కాదు, థర్డ్ పార్టీ కాదు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా ఐదు లక్షలు ఇస్తుంది, పాసుపుస్తకం ఉన్న రైతుకు. ఆమె పేరున సెంటు భూమి ఉండదు. ఆమెను మోయడానికి తగిన పాలసీ మామూలు ట్రాక్టరు బీమాలో లేదు, ఎందుకంటే ఆమె ఆ ట్రాలీలో ఉండకూడదనేదే చట్టం ఉద్దేశం. ఈ మాట కఠినంగా ఉన్నా దాచకుండా చెప్పాలి. ఎంత ఖర్చుపెట్టి ఎంత మంచి పాలసీ తీసుకున్నా, ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే ఆ భరోసా గాలిలోనే ఉంటుంది.

“మరి కూలీలు చేనికి ఎట్లా పోవాలి?” అని రైతు అడుగుతాడు. అడగాల్సిందే. బస్సు పొలం గట్టుకు రాదు. ఆటోలో ఆరుగురి చోట పదిహేను మందిని కుక్కితే అదీ ట్రాలీకి తీసిపోదు. నాట్ల కాలంలో, పత్తి తీసే కాలంలో, మిరప కోసే కాలంలో పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు మినీ బస్సులు నడపడం ఆర్టీసీకి అసాధ్యమేమీ కాదు. అది కుదిరేదాకా మండలంలో కూలీలందరినీ ప్రధానమంత్రి సురక్ష బీమాలో చేర్పించడం పంచాయతీ కార్యదర్శి ఒక్క వారంలో చేయగల పని. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు. ఇరవై మంది కూలీలకు కలిపి 400 రూపాయలు. పిలిచిన రైతే ఆ డబ్బు కట్టినా తప్పు లేదు.

ప్రమాదం జరిగిపోయిన ఇళ్లకు ఒక మాట. ట్రైబ్యునల్‌లో దరఖాస్తు ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో గడువు వచ్చింది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుంది. తీర్పు కోసం ఆగవద్దు. దశదినకర్మ అయిన వెంటనే ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, ఆధార్, కూలి ఆదాయం చెప్పగల సాక్షుల పేర్లు పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కడ ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు.

ట్రాక్టరు ఉన్నవాళ్లు ఈ ఆదివారం ఆ పాలసీ కాగితం బయటికి తీయండి. చివరి తేదీ, వాడకం గడిలో రాసిన మాట, ట్రాలీ నంబరు, డ్రైవరు, పనివాళ్ల భాగాలు చూడండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా రేపు పొద్దున్నే ఏజెంటుకు ఫోను చేసి రాయించండి. రేపు పొద్దున్నే కూలీల కోసం ట్రాలీ తీయాల్సి వస్తే, దాన్ని ఇంటి దగ్గరే వదిలి ఆటో మాట్లాడండి.